యుద్ధంలో కాదు.. ఇంటికొచ్చాకే! సైనికుల ఆత్మహత్యలపై ఆస్ట్రేలియా పెట్టిన 'కాపలా కమిషన్' కథేంటి?

అఫ్గానిస్తాన్ యుద్ధంలో ఆస్ట్రేలియా కోల్పోయిన సైనికులు 41 మంది. మరి ఆత్మహత్యల వల్ల ఆ దేశం కోల్పోయిన సైనికులు, మాజీ సైనికులు ఎంతమందో తెలుసా? 1997 నుంచి 2021 మధ్య కనీసం 1,677 మంది. సగటున ప్రతి 15 రోజులకు ముగ్గురు. శత్రువు తూటాకి పోయిన వాళ్లకంటే తమ ప్రాణం తామే తీసుకున్న వాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఈ లెక్కను బయటపెట్టింది అక్కడి రాయల్ కమిషన్. మూడేళ్లకు పైగా విచారణ చేసి, 2024 సెప్టెంబర్ 9న ఫైనల్ రిపోర్ట్ ఇచ్చింది. అందులో 122 సిఫార్సులు ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే కీలకం చివరిదేనని కమిషనర్లే చెప్పారు. "ఈ సిఫార్సులు అమలవుతున్నాయా లేదా అని చూడటానికి ఓ స్వతంత్ర సంస్థ పెట్టండి" అన్నది ఆ 122వ సిఫార్సు సారాంశం.

అంటే.. రిపోర్ట్ ఇచ్చినవాళ్లకే ఆ రిపోర్ట్ అమలవుతుందన్న నమ్మకం లేదన్నమాట! ఎందుకలా? ఆ అపనమ్మకం వెనుక 30 ఏళ్ల చరిత్ర ఉంది.

రిపోర్టులు 50కి పైగా.. మార్పు మాత్రం లేదు

ఆస్ట్రేలియాలో సైనికుల మానసిక ఆరోగ్యం, ఆత్మహత్యలు, పరిహారం.. వీటిపై విచారణలు కొత్తేం కాదు. రాయల్ కమిషన్ కంటే ముందు దాదాపు మూడు దశాబ్దాల్లో 50కి పైగా రిపోర్టులు వచ్చాయి. వాటన్నిట్లో కలిపి 750కి పైగా సిఫార్సులు ఉన్నాయి. పార్లమెంట్ కమిటీలు చెప్పాయి, ఆడిట్ సంస్థలు చెప్పాయి, నిపుణుల కమిటీలు చెప్పాయి. ప్రతిసారీ ప్రభుత్వం "అంగీకరిస్తున్నాం" అంది. ఆ తర్వాత ఏమైందని అడిగే నాథుడే లేడు.

మన దగ్గర కూడా జనానికి ఇది బాగా తెలిసిన విషయమే. ఏదైనా ఘోరం జరిగితే ఓ కమిటీ వేస్తారు. రిపోర్ట్ వస్తుంది, బీరువాలోకి వెళ్తుంది. సైన్యంలో అయితే ఆ బీరువాకి ఇంకో తాళం కూడా ఉంటుంది. దాని పేరు 'రక్షణ రహస్యం'.

రాయల్ కమిషన్ అంటే అక్కడ అత్యున్నత స్థాయి విచారణ. సాక్షులకు సమన్లు ఇవ్వొచ్చు, ఫైళ్లు తెప్పించుకోవచ్చు. అలాంటి కమిషనే తమకు కావాల్సిన సమాచారం టైమ్‌కి అందడం లేదని చాలాసార్లు బహిరంగంగా మొత్తుకుంది. అంత పవర్ ఉన్నవాళ్లకే అలా ఉంటే, కొడుకు ఎందుకు చనిపోయాడో చెప్పండంటూ తిరిగే తల్లి మాట ఎవరు వింటారు?

ఓ తల్లి పోరాటం.. ప్రభుత్వం వేసిన 'షార్ట్‌కట్'

నిజానికి ఈ రాయల్ కమిషన్‌ను ప్రభుత్వం ఇష్టంగా వేయలేదు. డేవిడ్ ఫిన్నీ అనే ఆయన దాదాపు 20 ఏళ్లు నేవీలో పనిచేశారు. 2019లో ఆత్మహత్య చేసుకున్నారు. ఆయన తల్లి జూలీ ఆన్ ఫిన్నీ రోడ్డెక్కారు. రాయల్ కమిషన్ వేయాల్సిందేనంటూ ఆమె పెట్టిన పిటిషన్‌పై లక్షల మంది సంతకాలు చేశారు. ఆమెతో పాటు ఇంకా చాలా కుటుంబాలు బయటికి వచ్చాయి.

అప్పటి ప్రధాని స్కాట్ మారిసన్ ముందు ఒప్పుకోలేదు. 2020 ఫిబ్రవరిలో మధ్యేమార్గంగా ఓ ప్రకటన చేశారు. రాయల్ కమిషన్ బదులు, సైనికుల ఆత్మహత్యల నివారణకు ఓ 'నేషనల్ కమిషనర్' పోస్ట్ పెడతామన్నారు. వినడానికి బాగానే ఉంది. శాశ్వత పోస్ట్, ఎప్పటికీ నిఘా. అదే ఏడాది నవంబర్‌లో డాక్టర్ బెర్నడెట్ బాస్‌ను తాత్కాలిక కమిషనర్‌గా పెట్టారు కూడా.

కుటుంబాలు మాత్రం ససేమిరా అన్నాయి. కారణం సింపుల్. బెర్నడెట్ బాస్ న్యాయరంగంలో పేరున్న వ్యక్తే, కానీ ఆర్మీ రిజర్వ్‌లో బ్రిగేడియర్ కూడా. ఆమె ఎంత నిజాయతీపరురాలైనా సరే, సైన్యం తప్పుల్ని సైన్యం మనిషే విచారిస్తే ఎలా అన్నది వాళ్ల ప్రశ్న. ఆ పోస్ట్‌కు చట్టబద్ధత ఇచ్చే బిల్లు పార్లమెంట్‌లో గట్టెక్కలేదు.

ఇక్కడ ఇంకో పేరు చెప్పుకోవాలి. టాస్మానియా సెనేటర్ జాకీ లాంబీ. ఆమె కూడా మాజీ సైనికురాలే. గాయంతో ఆర్మీ నుంచి బయటికొచ్చి, పరిహారం కోసం ఏళ్ల తరబడి ప్రభుత్వంతో కొట్లాడిన మనిషి. తాను ఒకప్పుడు ప్రాణం తీసుకోబోయానని దాచకుండా చెప్పుకున్న మనిషి. ఆమెలాంటి వాళ్ల ఒత్తిడితో 2021 మార్చిలో పార్లమెంట్ ఉభయ సభలూ రాయల్ కమిషన్ కావాలని తీర్మానించాయి. ఏప్రిల్‌లో మారిసన్ దిగొచ్చారు. జులై 8న కమిషన్ ఏర్పాటైంది. న్యూ సౌత్ వేల్స్ పోలీస్ శాఖలో డిప్యూటీ కమిషనర్‌గా చేసిన నిక్ కాల్డాస్ ఛైర్మన్. మాజీ జడ్జి జేమ్స్ డగ్లస్, సైకియాట్రిస్ట్ పెగ్గీ బ్రౌన్ సభ్యులు. ముగ్గురిలో ఒక్కరు కూడా సైన్యం నుంచి వచ్చినవాళ్లు కాదు.

లెక్కే తప్పు.. అసలు షాక్ ఇదే!

సమస్య ఎంత పెద్దదో ప్రభుత్వానికి ఎందుకు తెలియలేదు? ఎందుకంటే సరిగ్గా లెక్కపెట్టలేదు కాబట్టి.

డ్యూటీలో ఉండగా చనిపోతే రక్షణ శాఖ రికార్డుల్లోకి వస్తుంది. కానీ ఉద్యోగం వదిలి ఐదేళ్లకో పదేళ్లకో, ఏదో ఊళ్లో అద్దె ఇంట్లో ఒకాయన చనిపోతే? స్థానిక పోలీసులకు ఆయన మామూలు పౌరుడు. 'మాజీ సైనికుడు' అన్న మాట ఏ కాగితం మీదా ఉండదు.

ఆస్ట్రేలియా ఆరోగ్య గణాంకాల సంస్థ ఏఐహెచ్‌డబ్ల్యూ ఈ లెక్క మొదలుపెట్టినప్పుడు, 2001 జనవరి తర్వాత సర్వీసులో ఉన్నవాళ్లనే పరిగణించింది. 2020 నాటి రిపోర్టులో తేలిన మరణాలు 465. ఆ మరుసటి ఏడాది పరిధిని వెనక్కి జరిపి, 1985 నుంచి సర్వీసు చేసినవాళ్లందర్నీ కలిపారు. లెక్క ఒక్కసారిగా 1,273కి ఎగబాకింది. ఆ తర్వాత 1997 నుంచి ఉన్న మరణాల రికార్డులూ కలిపితే 1,600 దాటింది. చివరికి రాయల్ కమిషన్ రిపోర్ట్ నాటికి 1,677. ఒక్క ఏడాదిలో అంకె దాదాపు మూడు రెట్లు కావడానికి కారణం మరణాలు పెరగడం కాదు. అంతకుముందు వాళ్లని ఎవరూ లెక్కలో వేయకపోవడం.

ఇది కూడా తక్కువ అంచనానే అంటోంది కమిషన్. అసలు సంఖ్య 3 వేలు దాటి ఉండొచ్చన్నది వాళ్ల మాట. ఇంకో విషయం వింటే ఆశ్చర్యపోతారు. "మీరు ఎప్పుడైనా సైన్యంలో పనిచేశారా?" అన్న ప్రశ్నను ఆస్ట్రేలియా తన జనాభా లెక్కల్లో మొట్టమొదటిసారి అడిగింది 2021లో. అప్పుడు తేలింది.. దేశంలో సైనికులు, మాజీలు కలిపి దాదాపు 5 లక్షల 81 వేల మంది ఉన్నారని. అప్పటిదాకా తమ మాజీ సైనికులు ఎంతమందో కూడా సర్కారుకు పక్కాగా తెలియదు.

యూనిఫాం విప్పాకే డేంజర్

లెక్కలు సరిచేశాక బయటపడ్డ మరో నిజం చాలామంది ఊహకు అందనిది. సర్వీసులో ఉన్న మగ సైనికుల్లో ఆత్మహత్యల రేటు, మామూలు జనంలోని మగవాళ్లతో పోలిస్తే దాదాపు సగమే. వాళ్లే ఉద్యోగం వదిలిన తర్వాత చూస్తే రేటు సాధారణ జనం కంటే సుమారు 26 శాతం ఎక్కువ. ఇక సైన్యం వదిలిన మహిళల్లో అయితే సాధారణ మహిళల కంటే రెట్టింపు. అనారోగ్యం కారణంగా, ఇష్టం లేకుండా బయటికి పంపేసిన మగవాళ్లలో రిస్క్, తమంతట తాము వచ్చేసిన వాళ్లకంటే దాదాపు మూడు రెట్లు.

అందుకే దీన్ని కేవలం 'యుద్ధ భయం', 'పీటీఎస్‌డీ' అని కొట్టిపారేయడం కుదరదు. 18 ఏళ్లకు చేరిన కుర్రాడికి తిండి, బట్ట, ఇల్లు, డాక్టర్, స్నేహితులు, చివరికి పొద్దున ఎన్నింటికి లేవాలన్నది కూడా సైన్యమే చూస్తుంది. ఓ రోజు ఇవన్నీ ఒకేసారి ఆగిపోతాయి. గేటు బయట అతనెవరో ఎవరికీ తెలియదు. నిన్నటిదాకా ర్యాంకుతో పిలిచినవాడిని ఇవాళ ఆఫీసు కౌంటర్ దగ్గర టోకెన్ నంబర్‌తో పిలుస్తారు.

ఆ కౌంటర్ వెనుక పరిస్థితి ఇంకా దారుణం. మాజీ సైనికుల పరిహారం కోసం ఆస్ట్రేలియాలో మూడు వేర్వేరు చట్టాలు ఉన్నాయి. ఒకటి 1986 నాటిది, ఇంకోటి 1988 నాటిది, మూడోది 2004 నాటిది. గాయం ఏ ఏడాదిలో అయిందో, ఏ డ్యూటీలో అయిందో దాన్ని బట్టి చట్టం మారుతుంది. మోకాలు 1990ల్లో దెబ్బతిని, నడుము 2006లో పోయిన సైనికుడి సంగతేంటి? మోకాలికి ఒక చట్టం, నడుముకి ఇంకో చట్టం! మనిషి ఒక్కడే, ఫైళ్లు మాత్రం రెండు.

2022 ఆగస్టులో రాయల్ కమిషన్ మధ్యంతర రిపోర్ట్ ఇచ్చే నాటికి 40 వేలకు పైగా క్లెయిమ్‌లు పెండింగ్‌లో ఉన్నాయి. ఏ ఆఫీసర్‌కూ కేటాయించకుండా ఊరికే పడి ఉన్న ఫైళ్లవి. సమస్య మానసికం అనుకుంటాం. కానీ ఇంటి అద్దె కట్టలేక, ఆపరేషన్‌కి డబ్బుల్లేక నెలల తరబడి 'మీ అప్లికేషన్ పరిశీలనలో ఉంది' అన్న మెసేజ్ చూస్తూ కూర్చోవడం కూడా మనిషిని కుంగదీసేదే. కమిషన్ ముందు చాలామంది చెప్పింది సరిగ్గా ఇదే.

దీనికి కొసమెరుపు ఏంటంటే.. ఆ ఫైళ్ల గుట్టను తొలగించడానికి కమిషన్ ఓ డెడ్‌లైన్ పెట్టింది. 2024 మార్చి చివరికల్లా అయిపోవాలంది. ప్రభుత్వం అదనంగా 500 మంది స్టాఫ్‌ను దింపింది. ఏళ్ల తరబడి కదలని గుట్ట కదిలింది. పైన ఒకరు గడియారం పట్టుకుని కూర్చుంటే పని ఎలా అవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. కాకపోతే రాయల్ కమిషన్‌కు ఓ ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది. రిపోర్ట్ ఇచ్చాక అది ఉండదు. ఆ తర్వాత గడియారం ఎవరి చేతిలో ఉండాలి?

వచ్చింది కొత్త కమిషన్.. పవర్ ఎంత?

ఆ ప్రశ్నకు సమాధానంగా పుట్టిందే 'డిఫెన్స్ అండ్ వెటరన్స్ సర్వీసెస్ కమిషన్'. రాయల్ కమిషన్ రిపోర్ట్ తర్వాత, 2024 డిసెంబర్ 2న ఆంథొనీ అల్బనీస్ ప్రభుత్వం తన స్పందన ప్రకటించింది. 122లో 104 సిఫార్సులకు పూర్తిగానో, సూత్రప్రాయంగానో ఓకే చెప్పింది. 2025 ఫిబ్రవరిలో కొత్త కమిషన్‌కు పార్లమెంట్ ఆమోదం పడింది. అదే ఏడాది సెప్టెంబర్ 29 నుంచి అది పని మొదలుపెట్టింది.

దీని పనేంటి? సైన్యం, మాజీ సైనికుల శాఖ, ఇంకా సంబంధిత సంస్థలన్నీ రాయల్ కమిషన్ సిఫార్సులను నిజంగా అమలు చేస్తున్నాయా అని చూడటం. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా తనంతట తానే విచారణ మొదలుపెట్టడం. సమాచారం ఇవ్వమని సంస్థలను అడిగి తీసుకోవడం. ఏం తేలిందో రిపోర్ట్ చేయడం. ఆ రిపోర్టులు పార్లమెంట్ ముందుకు వస్తాయి, అంటే మంత్రిగారి టేబుల్ దగ్గరే ఆగిపోవు.

ఒక్క సంగతి మాత్రం క్లియర్‌గా తెలుసుకోవాలి. ఇది వ్యక్తిగత ఫిర్యాదుల కౌంటర్ కాదు. 'నా పెన్షన్ రాలేదు, ఇప్పించండి' అంటే ఈ కమిషన్ ఇప్పించదు. అలాంటివి వెయ్యి మందికి ఎందుకు జరుగుతున్నాయి, ఎక్కడ వ్యవస్థ తప్పుతోంది అన్నది తేల్చడం దీని పని. బాధలో ఉన్న కుటుంబానికి ఇది కొంచెం నిరాశ కలిగించే విషయమే. అలాగే, ప్రభుత్వం మొండికేస్తే చెవి మెలేసి పని చేయించే అధికారం కూడా దీనికి లేదు. దీని చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే.. అందరిముందూ చెప్పడం.

అందుకే 'స్వతంత్రం' అన్న మాట మీద అంత గొడవ జరిగింది. మొదట ఈ కమిషన్‌ను పెట్టింది ఎక్కడో తెలుసా? 1903 నాటి డిఫెన్స్ యాక్ట్‌లో ఓ కొత్త భాగంగా! రక్షణ శాఖ మీద కన్నేసి ఉంచాల్సిన సంస్థ, అదే రక్షణ శాఖ నడిచే చట్టంలో పుట్టడమేంటన్న అభ్యంతరం వచ్చింది. ఇంట్లో దొంగని పట్టుకోమని ఇంటి యజమాని జీతగాడినే పెట్టినట్టు ఉంటుంది కదా. చివరికి ప్రభుత్వం తగ్గింది. 2025 ఆగస్టులో ఈ కమిషనర్ పదవి కోసం విడిగా ఓ చట్టం తెచ్చేందుకు పార్లమెంట్‌లో బిల్లు పెట్టింది. పైకి చూస్తే సాంకేతిక మార్పే. కానీ 2020లో బెర్నడెట్ బాస్ విషయంలో కుటుంబాలు అడిగిన ప్రశ్నకు ఐదేళ్ల తర్వాత వచ్చిన జవాబు ఇది.

సైన్యంలో అంతకుముందు పర్యవేక్షణ అసలు లేదని కాదు. ఇన్‌స్పెక్టర్ జనరల్ అనే వ్యవస్థ ఉంది. సైనికుల మరణాలపై విచారణ కూడా చేస్తుంది. కానీ అది రక్షణ వ్యవస్థలో భాగమేనని, నమ్మకం కలగడం లేదని కమిషన్ ముందు ఎన్నో కుటుంబాలు వాపోయాయి. 2024 మార్చిలో చివరి విచారణకు వచ్చిన అప్పటి సైన్యాధిపతి జనరల్ ఆంగస్ క్యాంప్‌బెల్ లోపాలున్నాయని ఒప్పుకుని బేషరతుగా క్షమాపణ చెప్పారు. సైన్యాధిపతి నోట ఆ మాట రావడం చిన్న విషయం కాదు. కాకపోతే అది వచ్చింది ఉభయ సభల తీర్మానం, 12 విడతల బహిరంగ విచారణలు, 5,800కు పైగా వినతులు.. ఇవన్నీ అయ్యాక.

మరి మన దగ్గర?

ఈ వార్త చదివే మాజీ సైనికుల కుటుంబాలకు వచ్చే మొదటి డౌట్ ఇదే. భారత్‌లో మాజీ సైనికుల సంక్షేమానికి రక్షణ శాఖలోనే 2004 నుంచి ఓ ప్రత్యేక విభాగం ఉంది. కేంద్రీయ సైనిక్ బోర్డు, జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి. వైద్యానికి 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లు ఉన్నాయి. పెన్షన్, సర్వీస్ వివాదాలకు 2009 నుంచి సాయుధ దళాల ట్రైబ్యునల్ పనిచేస్తోంది. మానసిక సమస్యల కోసం టెలీ మానస్‌లో సైనిక కుటుంబాలకు ప్రత్యేక సెల్‌ను 2023 డిసెంబర్‌లో పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో పెట్టారు. సేవలు చాలానే ఉన్నాయి. అయితే ట్రైబ్యునల్ చూసేది ఒక్కొక్కరి కేసునే. మిగతావి సేవలు అందించే విభాగాలు. ఆస్ట్రేలియా కమిషన్ చేసే పని, అంటే బయట నిలబడి మొత్తం వ్యవస్థను తనిఖీ చేయడం, వీటిలో దేని బాధ్యతా కాదు.

సర్వీసులో ఉన్న జవాన్ల ఆత్మహత్యల వివరాలు పార్లమెంట్‌లో ఎంపీలు అడిగినప్పుడు బయటికి వస్తుంటాయి. కానీ రిటైరై ఊరికొచ్చాక, మెదక్ జిల్లాలోనో శ్రీకాకుళం జిల్లాలోనో ఒకాయన చనిపోతే? ఆస్ట్రేలియా చేసిన మొదటి పొరపాటు అక్కడే. ఆయన పేరు పక్కన మాజీ సైనికుడు అని రాసుకోకపోవడం.

అగ్నిపథ్ స్కీమ్ నేపథ్యంలో ఈ ప్రశ్న ఇంకాస్త దగ్గరికొచ్చింది. 2022లో మొదలైన ఈ స్కీమ్‌లో అగ్నివీర్లు నాలుగేళ్లు సర్వీసు చేస్తారు. వాళ్లలో గరిష్ఠంగా 25 శాతం మందినే రెగ్యులర్‌గా తీసుకుంటారన్నది మొదట ప్రకటించిన నిబంధన. మిగతావాళ్లు పాతికేళ్లు అటూఇటూ వయసులో సేవా నిధి తీసుకుని ఇంటికి వచ్చేస్తారు. స్కీమ్ నిబంధనల ప్రకారం వాళ్లకు పెన్షన్ లేదు, ఎక్స్‌సర్వీస్‌మెన్ హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ కూడా లేదు. ఆస్ట్రేలియా పరిస్థితి వేరు, మన పరిస్థితి వేరు. అక్కడి శాతాలు ఇక్కడ అతికించడం కుదరదు. కానీ యూనిఫాం విప్పాక కుర్రాళ్లు ఎలా ఉన్నారో కనుక్కునే రికార్డు ఒకటి ఇప్పుడే మొదలుపెడితే, ఇరవై ఏళ్ల తర్వాత అంకెలు వెతుక్కునే అవసరం రాదు.

నెక్స్ట్ ఏంటి?

ఆస్ట్రేలియాలో మూడు పరిహార చట్టాల గందరగోళానికి తెర దించేలా 2025లో పార్లమెంట్ చట్టం చేసింది. 2026 జులై 1 నుంచి కొత్త క్లెయిమ్‌లన్నీ ఒకే చట్టం కిందకు వస్తాయి. మోకాలికి ఒకటి, నడుముకి ఒకటి అన్న రోజులు పోతాయి. అది కాగితం మీద రాసినట్టే కౌంటర్ దగ్గర జరుగుతోందా అన్నది కొత్త కమిషన్‌కు ఎదురయ్యే తొలి పెద్ద పరీక్షల్లో ఒకటి. జూలీ ఆన్ ఫిన్నీ లాంటి తల్లులు చూసేది కూడా దాన్నే.

(మీరు గానీ, మీ ఇంట్లోవాళ్లు గానీ మానసికంగా కుంగిపోతుంటే ఒంటరిగా ఉండొద్దు, దగ్గరివాళ్లతో మాట్లాడండి. టెలీ మానస్ టోల్ ఫ్రీ నంబర్ 14416కు ఏ టైమ్‌లోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు లైఫ్‌లైన్ 13 11 14కి, సైనికులు, మాజీ సైనికుల కుటుంబాలు ఓపెన్ ఆర్మ్స్ 1800 011 046కి కాల్ చేయొచ్చు.)